గాలివానకు పోయిన కరెంటు: నూట నలభై ఏళ్ల కథ

గాలి ముదిరిన రాత్రి లైటు ఒక్కసారిగా పోదు. ముందు ఓసారి ఆరి వెంటనే వెలుగుతుంది. కాసేపటికి మళ్లీ అదే తంతు. మూడోసారో నాలుగోసారో ఆరాక ఇక రాదు. ‘ఇచ్చినట్టే ఇచ్చి తీసేస్తున్నారు’ అని విసుక్కుంటాం గానీ, ఆ సమయంలో అక్కడ స్విచ్ మీద చెయ్యేసిన మనిషే ఉండడు. స్తంభం మీదో సబ్‌స్టేషన్‌లోనో కూర్చున్న రీక్లోజర్ అనే పరికరం చేసే పని అది. తీగకు కొమ్మ తగలగానే లైను ట్రిప్పవుతుంది. కొమ్మ ఈపాటికి జారిపోయి ఉంటుందేమోనని రీక్లోజర్ మళ్లీ కలిపి చూస్తుంది. రెండు మూడుసార్లు చూశాక కూడా అడ్డు అక్కడే ఉంటే వదిలేస్తుంది. గాల్లో వేలాడే లైన్లలో ఫాల్టులు ఎక్కువగా ఇలా వచ్చి అలా పోయేవే. అందుకే 1940లలో వాడకంలోకి వచ్చిన ఈ పరికరం వల్ల లైన్‌మన్ అర్ధరాత్రి వానలో బయల్దేరాల్సిన సందర్భాలు చాలా తగ్గాయి. అది చేతులెత్తేసిన చోట మనుషుల పని మొదలవుతుంది. ఆ పనికి ఇప్పుడున్న నియమాల్లో చాలావరకు ఏదో ఒక తుఫాను దెబ్బ తిన్నాక రాసుకున్నవే.

మొదట్లో తగువంతా తీగ పైనుండాలా, కిందుండాలా అన్నదాని మీదే నడిచింది. ఎడిసన్ 1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్ నుంచి కరెంటు అమ్మడం మొదలుపెట్టినప్పుడు తీగల్ని రోడ్డు కిందే వేయించాడు. పోటీ కంపెనీలకు, టెలిగ్రాఫ్, టెలిఫోన్ వాళ్లకు అంత తవ్వకం ఇష్టం లేదు. స్తంభం పాతి తీగ లాగేస్తే పనైపోతుంది కదా! చూస్తుండగానే వీధులపైన ఆకాశం కనబడకుండా పోయింది. పెద్ద నగరాల్లో తీగలన్నీ భూమిలోకి దించాలని 1884లోనే న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసింది. కంపెనీలు దాన్ని కోర్టుల్లో నానబెట్టాయి. 1888 మార్చిలో వచ్చిన మంచు తుఫాను ఆ స్తంభాల్ని తీగలతో సహా రోడ్ల మీద పడేసింది. మరుసటి ఏడాది అక్టోబరులో, టెలిగ్రాఫ్ తీగ బాగుచేయడానికి స్తంభమెక్కిన ఒక లైన్‌మన్ పట్టపగలు, జనం చూస్తుండగా, తీగల మధ్యే ప్రాణం వదిలాడు. అతను పట్టుకున్న తీగ ఎక్కడో దూరంగా హైవోల్టేజీ లైనుకు తగులుకుని ఉంది. మేయర్ హ్యూ గ్రాంట్ మనుషుల్ని పెట్టి స్తంభాలు నరికించింది ఆ ఏడాదే.

మరి అప్పటినుంచి లోకమంతా తీగల్ని పాతేసుకోవచ్చు కదా? ఖర్చు ఒక కారణం. స్తంభాల లైనుతో పోలిస్తే భూగర్భ కేబుల్‌కు ఎన్నో రెట్లు అవుతుంది. రెండో కారణం గురించి తక్కువ మాట్లాడతారు. తెగిన తీగ కంటికి కనిపిస్తుంది. మట్టి కింద పాడైన కేబుల్ కనిపించదు. పరికరాలతో ఫాల్టు ఎక్కడుందో వెతికి, తవ్వి, జాయింటు వేసి, పరీక్షించి, అప్పుడు కలపాలి. పైగా గాలి నుంచి తప్పించుకున్నంత మాత్రాన నీటి నుంచి తప్పించుకున్నట్టు కాదు. తీగల్ని పాతేసిన ఆ న్యూయార్క్‌కే 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫాను వచ్చింది. ఈస్ట్ రివర్ పక్కనున్న సబ్‌స్టేషన్‌ను పన్నెండున్నర అడుగుల నీటికి తట్టుకునేలా సిద్ధం చేశారు. వచ్చింది దాదాపు 14 అడుగులు. ఒక్క నీలిరంగు మెరుపుతో మన్‌హటన్ కింది భాగమంతా చీకటైంది. ఆ నష్టం తర్వాత అక్కడ పరికరాల్ని ఎత్తు మీదికి మార్చారు, వరద గోడలు పెంచారు. 2014లో హుద్‌హుద్ స్తంభాల్ని విరిచేశాక విశాఖపట్నం మాత్రం భూగర్భ కేబుల్ దారి పట్టింది, ప్రపంచ బ్యాంకు సాయంతో. రెండూ సరైనవే. ఏ ఊరికి ఏ శత్రువు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

లైను నిలబెట్టేది ఇనుమే అయినా, పడ్డాక లేపేది మనుషులు. తొలి రోజుల్లో ఈ వృత్తి ఎంత ప్రమాదమంటే, 1891లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విద్యుత్ కార్మికుల సంఘం పెట్టిన హెన్రీ మిల్లర్ కూడా అయిదేళ్లకే, 1896లో, పనిలో షాక్ కొట్టి స్తంభం మీంచి పడి చనిపోయాడు. ఇప్పుడు లైన్‌మన్ తీగ ముట్టుకునే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైను ఆపేశామన్న అనుమతి, అంటే లైన్ క్లియర్ తీసుకుంటాడు, తీగలో కరెంటు ఉందేమో డిటెక్టర్ పెట్టి చూస్తాడు, తను పనిచేసే చోటుకు రెండువైపులా తీగను భూమికి కలిపి ఎర్త్ చేస్తాడు. లైను ఆపేశారని కాగితం చేతిలో ఉన్నాక మళ్లీ ఎర్తింగ్ ఎందుకంటే, ఒక కారణం ఇళ్లలో జనరేటర్లు. కరెంటు లేదని ఎవరో జనరేటర్‌ను నేరుగా ఇంటి వైరింగ్‌కు కలిపి, మెయిన్ తీయడం మర్చిపోతారు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌కు అటూ ఇటూ తేడా లేదు. 11 కేవీని, అంటే 11 వేల వోల్టుల్ని, 230 వోల్టులకు దించేది, అటునుంచి 230 వోల్టులు వస్తే 11 కేవీకి ఎక్కిస్తుంది. ఫ్యాను తిప్పుకోవడానికి పెట్టిన చిన్న జనరేటర్, రెండు వీధుల అవతల తీగ పట్టుకున్న మనిషి ప్రాణం తీయగలదు. తుఫాను తర్వాతి పనుల్లో నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే.

ఎంత పెద్ద సంస్థకైనా తుఫానుకు సరిపడా లైన్‌మన్లను ఏడాదంతా జీతమిచ్చి కూర్చోబెట్టడం కుదరదు. కాబట్టి అరువు తెచ్చుకోవాలి. తుఫాను తగలని సంస్థలు మనుషుల్ని, లైన్‌మన్‌ను పైకెత్తే బకెట్ ట్రక్కుల్ని, సామాన్లను పంపడం, లెక్కలు తర్వాత చూసుకోవడం అన్న ఏర్పాటు దశాబ్దాల నుంచీ ఉంది. శాండీ అప్పుడు కాలిఫోర్నియాలోని కంపెనీ ట్రక్కుల్ని వైమానిక దళం రవాణా విమానాల్లో దేశం ఆ కొస నుంచి ఈ కొసకు చేర్చింది. 1999 డిసెంబరు చివర్లో లోథార్, మార్టిన్ అనే రెండు తుఫానులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఫ్రాన్స్‌లో లక్షల ఇళ్లను చీకట్లో పడేశాక, ఆ దేశం ఎక్కడికైనా గంటల్లో బయల్దేరగల ప్రత్యేక దళాన్నే తయారుచేసుకుంది. అడగడం ఆలస్యమైతే ఏమవుతుందో అమెరికా అధీనంలోని కరీబియన్ ద్వీపం ప్యూర్టోరికో చూపించింది. 2017 సెప్టెంబరు 20న మరియా అనే హరికేన్ ఆ ద్వీపం మొత్తం కరెంటును పడగొట్టింది. అప్పటికే దివాలా తీసిన అక్కడి ప్రభుత్వ విద్యుత్ సంస్థ, అమెరికా ప్రధాన భూభాగం నుంచి ఈ పరస్పర సాయాన్ని అడగడానికి దాదాపు ఆరు వారాలు పట్టింది. ఈలోగా ఒక చిన్న ప్రైవేటు కంపెనీకి భారీ కాంట్రాక్టు ఇచ్చి, గొడవయ్యాక రద్దు చేసుకుంది. సరఫరా దాదాపు అందరికీ తిరిగొచ్చేసరికి 2018 ఆగస్టు అయింది. పదకొండు నెలలు!

ఇనుము సంగతికొస్తే, పెద్ద పాఠం కెనడాది. 1998 జనవరిలో క్యూబెక్ మీద రోజుల తరబడి గడ్డకట్టే వాన కురిసింది. తీగల మీద మంచు పేరుకుని ఆ బరువుకు ఉక్కు టవర్లు వంగిపోయాయి. ఒక టవరు పడుతూ పక్కదాన్ని లాగింది, అది ఇంకోదాన్ని లాగింది. అలా దాదాపు వెయ్యి టవర్లు కూలాయి. కొందరికి నెల రోజుల పాటు కరెంటు లేదు, అదీ నడి శీతాకాలంలో. ఆ తర్వాత ఇంజినీర్లు చేసిన పనిలో నాకు నచ్చిందేమిటంటే, ప్రతి టవరునూ పడకుండా చేయాలని పట్టుబట్టలేదు. కొన్ని టవర్లకొకటి చొప్పున చాలా బలమైనది పెట్టారు. పడితే పడనీ, ఆ వరస అక్కడితో ఆగాలి. లెవీ దగ్గర సబ్‌స్టేషన్‌లో తీగల్లోకి ఎక్కువ కరెంటు పంపి వేడెక్కించి మంచు కరిగించే ఏర్పాటు కూడా చేశారు.

మామూలు వీధి లైన్లకు మాత్రం అసలు శత్రువు చెట్టు. 2005 జనవరిలో గుద్రున్ తుఫాను దక్షిణ స్వీడన్ అడవుల్ని చాపలా పరిచేసింది. ఏడు లక్షల పైచిలుకు వినియోగదారులకు కరెంటు పోయింది. కొందరికి నెల దాటినా రాలేదు. దెబ్బకు చట్టమే మారింది. 12 గంటలు దాటిన అంతరాయానికి పరిహారం ఇవ్వాలని 2006 నుంచి, అసలు 24 గంటలు దాటకూడదని 2011 నుంచి అమలు చేశారు. ఆ జరిమానా లెక్క వేసుకున్నాక, అడవుల్లో కేబుల్ పాతడం ఖరీదు అనే మాట కంపెనీల నోట వినబడటం తగ్గింది. చెట్ల విషయంలో ఇంకో మెలిక 2021 నవంబరులో బ్రిటన్‌లో బయటపడింది. అక్కడ పెనుగాలులు ఎక్కువగా పడమటి దిక్కు నుంచే వస్తాయి, చెట్ల వేళ్లు ఆ గాలికి అలవాటుపడి ఉంటాయి. ఆర్వెన్ తుఫాను ఉత్తరం, ఈశాన్యం నుంచి కొట్టింది. దశాబ్దాలుగా కదలని చెట్లు కూడా లైన్ల మీద పడ్డాయి. వారం దాటినా కరెంటు రాని ఇళ్లు మిగిలాయి.

ఇలాంటివన్నీ చూశాక, తుఫాను పనిలో ఎక్కువ భాగం మబ్బు లేని రోజుల్లోనే జరగాలని నాకు అనిపిస్తుంది. కానీ కొమ్మలు కొట్టడం, స్తంభాల మొదళ్లు పుచ్చిపోయాయేమో చూడటం లాంటి పనులకు ఫోటోలు, ప్రారంభోత్సవాలు ఉండవు. బడ్జెట్ తగ్గించాల్సి వస్తే ముందు కోతపడేది అక్కడే. ఫ్లోరిడాలో 2004, 2005లలో వరసగా హరికేన్లు కొట్టాక, ప్రతి చెక్క స్తంభాన్నీ ఎనిమిదేళ్లకోసారి తనిఖీ చేయాల్సిందేనని నియంత్రణ సంస్థ 2006లో ఆదేశించింది. 2005లో విల్మా వచ్చినప్పుడు అక్కడి అతి పెద్ద కంపెనీకి 32 లక్షల కనెక్షన్లు పోతే అన్నీ సరిచేయడానికి 18 రోజులు పట్టింది. 2017లో ఇర్మాకు 44 లక్షలు పోయాయి, 10 రోజుల్లో ఇచ్చేశారు. అరువు మనుషులు, కొత్త పరికరాలు కూడా సాయపడ్డాయి, నిజమే. అయినా స్తంభాల తనిఖీ వాటా చిన్నదేం కాదు.

చివరి రెండు మూడు రోజుల హడావుడి అందరికీ తెలిసిందే. స్తంభాలు, తీగ చుట్టలు, ట్రాన్స్‌ఫార్మర్లు తుఫాను దారికి కాస్త పక్కగా చేరుస్తారు, సిబ్బందిని కూడా అక్కడే ఆపుతారు. మరీ ముందుకు పంపితే వాళ్లే చిక్కుకుపోతారు. గాలి ఒక స్థాయి దాటగానే చాలాచోట్ల సరఫరాను కావాలనే ఆపేస్తారు. తెగి పడే తీగలో కరెంటు ఉండకూడదు కదా.

తగ్గాక జనాన్ని మండించే ప్రశ్న ఒకటే: ఎదురింటికి వచ్చింది, మాకెందుకు రాలేదు? వరస పై నుంచి కిందికి ఉంటుంది. ముందు పెద్ద లైన్లు, తర్వాత సబ్‌స్టేషన్లు, వాటి నుంచి ఆసుపత్రులకు, నీటి పంపులకు వెళ్లే ఫీడర్లు, ఆ తర్వాతే వీధులు. ఎదురిల్లు వేరే ఫీడరు మీద ఉండొచ్చు, లేదా మీ ఒక్క వీధి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయి ఉండొచ్చు. ఒక చోట పని చేస్తే వెయ్యి ఇళ్లకు వస్తుంది, ఇంకో చోట అంతే పనికి రెండిళ్లకు. ఎటు ముందు వెళ్తారో చెప్పక్కర్లేదు.

ఎప్పటికి వస్తుందో చెప్పడం ఇంకో విద్య. 2019 సెప్టెంబరులో ఫక్సాయ్ తుఫాను తర్వాత టోక్యో పక్కనున్న చిబాలో, విద్యుత్ కంపెనీ నష్టం పూర్తిగా చూడకుండానే రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుందంది. తర్వాత గడువు జరుపుకుంటూ పోయింది. కొన్ని ఊళ్లకు రెండు వారాలు పట్టింది. మొదటే అంత చెప్పి ఉంటే జనం బంధువుల ఇళ్లకు వెళ్లిపోయేవాళ్లు. ఈ విషయంలో స్మార్ట్ మీటర్లు కొంత మేలు. కరెంటు పోగానే, లోపల మిగిలిన కాస్త చార్జితో మీటరు ‘నాకు సరఫరా పోయింది’ అని ఒక ఆఖరి సందేశం పంపి ఆరిపోతుంది. దాన్ని ఇంజినీర్లు కొనఊపిరి అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఇప్పుడు ఫోన్లు ఎత్తి, మ్యాపు మీద పిన్నులు గుచ్చకుండానే ఎక్కడెక్కడ పోయిందో స్క్రీన్ మీద తెలుస్తోంది.

అయితే కంపెనీల ప్రకటనల్లో ఒక చిన్న మాట ఉంటుంది, చాలామంది దాటేసి చదువుతారు. 2005లో కత్రినా హరికేన్ తర్వాత అమెరికాలోని మిసిసిపీలో అక్కడి విద్యుత్ సంస్థకు మొత్తం వినియోగదారులందరికీ సరఫరా ఆగిపోగా, 12 రోజుల్లో ఇచ్చేశామని చెప్పింది. నిజమే, మంచి రికార్డే. కానీ ఆ లెక్క ‘సరఫరా తీసుకోగల స్థితిలో ఉన్న’ ఇళ్లకు. తీరం వెంట చాలాచోట్ల ఇళ్లే లేవు, పునాదులు మాత్రం ఉన్నాయి. స్తంభం వరకు లైను చార్జ్ చేసి, ఇంటికి వెళ్లాల్సిన తీగను చుట్టలా చుట్టి అక్కడే కట్టేసి, మనుషులు తర్వాతి వీధికి వెళ్లిపోతారు.