నడుం నొప్పి: డిస్కేనా, కిడ్నీయేనా? సరిహద్దు ఊళ్ల అపోహలు – వాస్తవాలు

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపైనా, అటు పర్లాకిమిడి, బరంపురంలోని తెలుగువాళ్లలోనైనా నడుం నొప్పి మూడు నెలలు దాటితే ఇంట్లో రెండే మాటలు వినిపిస్తాయి: డిస్కు, లేదంటే కిడ్నీ. ఈ రెండు భయాల మధ్య అసలు కారణం మరుగున పడిపోతోంది. నొప్పి ఏ వేళకి పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అన్నది సరిగ్గా చెప్పగలిగితే సగం దారి అక్కడే తేలుతుంది.

అపోహ: నడుం నొప్పి వచ్చిందంటే కిడ్నీ దెబ్బతిన్నట్టే.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఈ భయం సహజం. కానీ ఇక్కడి కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ నొప్పీ లేకుండానే ముదురుతుంది. నడుం నొప్పి ఉంది కాబట్టి కిడ్నీ పాడైందని గానీ, నొప్పి లేదు కాబట్టి బాగుందని గానీ అనుకోకూడదు. తేల్చేది రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటకు పంపాల్సిన వ్యర్థం), దాన్నిబట్టి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ వడపోత వేగం. అది మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ఒక్కటే చేయించి ఊరుకోవద్దు, ఉద్దానం జబ్బులో ప్రొటీన్ పోవడం తక్కువే. కిడ్నీలో రాయి నొప్పి తీరు వేరు. డొక్కలో మొదలై గజ్జల్లోకి తెరలు తెరలుగా దిగుతుంది, మనిషిని ఓ చోట కుదురుగా ఉండనివ్వదు. డొక్క నొప్పితో చలిజ్వరం, మూత్రంలో మంట ఉంటే ఇన్ఫెక్షన్‌ని అనుమానించాలి.

అపోహ: బిళ్ల వేసుకుంటే తగ్గిపోతోంది, ఇక కారణం వెతకడం దేనికి?

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నొప్పిని తగ్గిస్తాయి, నిజమే. కానీ ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్లే రక్తనాళం మూసుకుపోకుండా కాపాడేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఈ బిళ్లలు వాటినే అడ్డుకుంటాయి. ఎండలో కొబ్బరి దింపు పనిలోనో, జీడి పిక్కల బట్టీల దగ్గరో చెమటోడ్చి, చాలినంత నీళ్లు తాగకుండా, సాయంత్రం బిళ్ల వేసుకునే మనిషి కిడ్నీకి రెండు వైపుల నుంచీ దెబ్బే. బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మందు, దానికి తోడు నీళ్ల బిళ్ల (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) కూడా వాడుతుంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఈ ప్రాంతంలో నొప్పి బిళ్లలు వారాల తరబడి వాడాల్సివస్తే ముందు క్రియాటినిన్ చూడాలి, వాడుతుండగా మళ్లీ చూడాలి.

పేరు లేకుండా పొట్లం కట్టి ఇచ్చే బిళ్లలు అసలే వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో హాయిగా అనిపిస్తుంది. లోపల టీబీ ఉంటే దాన్ని కప్పిపెడుతుంది, నెలల తరబడి వాడితే ఎముకను గుల్ల చేస్తుంది. ఆ గుల్లబారిన వెన్నుపూస నలిగి, కొత్త నొప్పి మొదలవుతుంది. అలవాటైన స్టెరాయిడ్‌ని ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

అపోహ: ఎమ్మారైలో డిస్కు ఉబ్బింది కాబట్టి నొప్పి దానివల్లే.

ఏ నొప్పీ లేనివాళ్లకు స్కాన్లు తీసి చూసిన అధ్యయనాలను కలిపి లెక్కగడితే, 20 ఏళ్ల వయసులో 30 శాతం మందికీ, 80 ఏళ్లకు 84 శాతం మందికీ డిస్కు ఉబ్బు కనిపించింది. అందుకే రిపోర్టులోని మాట రోగి లక్షణాలతో కలవాలి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తితే 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందిదాకా నొప్పి లాగాలి, లేదా అదే నరం దారిలో తిమ్మిరి, బలహీనత ఉండాలి. నడుం దగ్గరే ఆగిపోయే నొప్పికి డిస్కు ఉబ్బుని చూపించి ఆపరేషన్ మాట ఎత్తితే, రెండో డాక్టరును అడగండి.

అపోహ: విశ్రాంతి తీసుకుంటే ఏ నడుం నొప్పయినా తగ్గాల్సిందే.

వెన్ను కీళ్లలో వాపు జబ్బు, అంటే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ కుటుంబం, దీనికి పూర్తిగా విరుద్ధం. 40 ఏళ్ల లోపు మొదలవడం, నెమ్మదిగా ముదరడం, కదిలితే తగ్గడం, పడుకుంటే తగ్గకపోవడం, తెల్లవారుజామున నిద్రలేపి లేచి తిరిగితే నెమ్మదించడం: ఈ ఐదింటిలో నాలుగు ఉంటే వాపు జబ్బుని అనుమానించాలి. పొద్దున అరగంటకు పైగా బిగుసుకుపోవడం, పిరుదుల నొప్పి ఓసారి ఎడమకు, ఓసారి కుడికి మారడం, మడమ నొప్పి, సోరియాసిస్, కన్ను ఎర్రబడి వెలుగు చూడలేకపోవడం కూడా దీని తోడు లక్షణాలే. ఆడవాళ్లకు రాదనుకోవడం పొరపాటు.

డాక్టరు చేసే ఒక చిన్న పరీక్ష చూడండి. నిటారుగా నిలబెట్టి, నడుం కింద రెండు వైపులా ఉండే గుంటలను కలిపే గీత మధ్యన ఒక చుక్క, దానికి సరిగ్గా 10 సెం.మీ. పైన ఇంకో చుక్క పెడతారు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమంటారు. ఆరోగ్యంగా ఉన్న నడుం అయితే ఆ దూరం 15 సెం.మీ. దగ్గరకు సాగుతుంది. సాగకపోతే వెన్ను బిగుసుకుందని అర్థం. అయితే కండరాలు పట్టేసినా, వయసు పైబడినా సాగదు, కాబట్టి ఇదొక్కటే చాలదు.

ఎక్స్‌రేలో మార్పు కనబడటానికి ఏళ్లు పడుతుంది. అడగాల్సింది సేక్రోఇలియాక్ కీళ్ల (వెన్ను అడుగు ఎముక, కటి ఎముక కలిసే చోటు) ఎమ్మారై, అందులో ఎముకలోని వాపును చూపే స్టిర్ అనే రకం చిత్రాలు. మామూలు నడుం ఎమ్మారైలో ఈ కీళ్లు పూర్తిగా పడవు. బరంపురమో విశాఖో పోయి వేలు ఖర్చుపెట్టే ముందు చీటీలో ఏ ఎమ్మారై రాశారో చూసుకోండి.

అపోహ: రక్త పరీక్షలు నార్మల్, కాబట్టి వాపు జబ్బు లేదు.

ఈ జబ్బున్న చాలామందిలో ఒంట్లో వాపును చూపే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పరీక్షలు మామూలుగానే ఉంటాయి. కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ నడుం నొప్పికి పనికొచ్చే పరీక్షే కాదు. ఈ జబ్బుతో ముడిపడిన జన్యు గుర్తు హెచ్‌ఎల్‌ఏ బీ27 పాజిటివ్ అయినవాళ్లలో ఎక్కువమందికి జబ్బు రానే రాదు, నెగటివ్ అయినా జబ్బు ఉండొచ్చు.

అపోహ: దగ్గు లేదు కదా, టీబీ ఎలా అవుతుంది?

వెన్నుపూసకు టీబీ దగ్గు లేకుండానే వస్తుంది. నెలలుగా ఒకేచోట నొప్పి, అక్కడ తట్టితే ఇంకా నొప్పి, రాత్రి చెమటలు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఎమ్మారై, కుదిరితే సూదితో ముక్క తీసి, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష చేయాలి. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, సాధారణంగా 12 నెలలు వాడాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానేస్తే మందులకు లొంగని మొండి టీబీ అయ్యే ప్రమాదం ఉంది. పశువుల ఈతలు చూసేవాళ్లు, పచ్చిపాలు తాగేవాళ్లు జ్వరంతో నడుం నొప్పి చెబితే పశువుల నుంచి సోకే బ్రూసెల్లా క్రిమి పరీక్ష కూడా అడగాలి. ఏజెన్సీ ఊళ్ల పిల్లలు, యువకులు మాటిమాటికీ ఒళ్లంతా ఎముక నొప్పులంటే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) పరీక్ష చేయించాలి.

మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, కాళ్లలో బలం తగ్గడం: వీటిలో ఏది కనబడినా ఆ రోజే, అర్ధరాత్రయినా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.