గుండె పక్కన ఒక చిన్న పెట్టె, దాని చుట్టూ నాలుగు శాస్త్రాలు

1958 అక్టోబర్ 8న స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఆసుపత్రిలో ఆర్నె లార్సన్ అనే 43 ఏళ్ల రోగి శరీరంలో డాక్టర్ ఓకె సెన్నింగ్ ఒక పరికరం అమర్చారు. గుండెకు క్రమం తప్పకుండా చిన్న విద్యుత్ స్పందన పంపడం దాని పని. అప్పటిదాకా లార్సన్ రోజులో ఎన్నోసార్లు గుండె ఆగినంత పనై స్పృహ తప్పేవారు. ఆయన భార్య ఎల్సె-మరీ డాక్టరు వెంటా, ఇంజినీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ వెంటా పడి, ఎలాగైనా చెయ్యమని పట్టుబట్టి ఒప్పించారు. సర్క్యూట్ మీద ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోయడానికి ఎల్మ్‌క్విస్ట్ వాడిన అచ్చు ఒక ఖాళీ బూట్‌పాలిష్ డబ్బా. ఆ మొదటి పేస్‌మేకర్ కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం 2001 దాకా, 86 ఏళ్లు బతికారు. డాక్టరూ ఇంజినీరూ ఆయన కంటే ముందే వెళ్లిపోయారు. ఆ 43 ఏళ్లలో ఆయనకు 26 పేస్‌మేకర్లు మార్చారు.

అన్నిసార్లు మార్చాల్సి రావడానికి ఒక పెద్ద కారణం బ్యాటరీ. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒక్కో స్పందనకు పట్టే శక్తి ఎంత తక్కువైనా, లక్షలు కోట్లయ్యేసరికి లెక్క మారిపోతుంది. 1960ల్లో వాడిన మెర్క్యురీ-జింక్ బ్యాటరీలు రెండేళ్లు నిలిస్తే గొప్ప. పైగా వాటి నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది బయటికి పోవాలి కాబట్టి పరికరాన్ని గాలి చొరకుండా మూసెయ్యడానికి లేదు. మూయకపోతే ఒంట్లోని తడి మెల్లగా లోపలికి దిగి సర్క్యూట్‌ను పాడుచేస్తుంది. ఇంజినీరు ఎంత మంచి సర్క్యూట్ గీసినా, డాక్టరు ఎంత నేర్పుగా ఆపరేషన్ చేసినా, ఈ చిక్కు వాళ్ల చేతిలో తేలేది కాదు. దీన్ని తేల్చాల్సింది రసాయనశాస్త్రం.

తేల్చింది లిథియం-అయోడిన్ సెల్. పేస్‌మేకర్ల రంగంలో ముందునుంచీ ఉన్న అమెరికన్ ఇంజినీరు విల్సన్ గ్రేట్‌బ్యాచ్ దీన్ని 1970ల మొదట్లో వాడకంలోకి తెచ్చారు. ఇది ఎలా పనిచేస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇంత అందమైన రసాయనం అరుదు. ఒక పక్క లిథియం లోహం. మరో పక్క అయోడిన్‌ను ఒక పాలిమర్‌తో కలిపిన ముద్ద. మామూలు బ్యాటరీలో రెండు ధ్రువాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో ఒక పొర పెడతారు. ఇక్కడ పెట్టక్కర్లేదు. రెండూ తగిలిన చోట లిథియం అయోడైడ్ అనే ఘన లవణం పలచని పొరగా తనంతట తానే ఏర్పడుతుంది. అది లిథియం అయాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను ఆపేస్తుంది. బ్యాటరీకి కావాల్సింది సరిగ్గా అదే. పొర ఎక్కడైనా పగిలిందనుకోండి, ఆ సందులోంచి అయోడిన్ వెళ్లి లిథియాన్ని తాకుతుంది, అక్కడే మళ్లీ అదే లవణం పుట్టి పగులు పూడుకుపోతుంది. వాయువు ఊసే లేదు. కాబట్టి పెట్టెను టైటానియంతో చేసి, గాలి చొరకుండా వెల్డింగ్ చేసెయ్యవచ్చు.

ఇంకో మేలు కూడా ఉంది. వాడేకొద్దీ ఆ లవణపు పొర మందమవుతుంది, సెల్ లోపలి నిరోధం నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని కొలిస్తే బ్యాటరీ అయిపోయే రోజు డాక్టరుకు చాలా ముందే తెలిసిపోతుంది. ప్రాణం ఆధారపడిన పరికరం హఠాత్తుగా ఆగకుండా, ముందే చెప్పి ఆగడం ఎంత పెద్ద విషయమో రోగినీ వాళ్ల ఇంట్లోవాళ్లనూ అడగాలి.

పేస్‌మేకర్ నుంచి వెళ్లి గుండె గోడను తాకే తీగ చివర విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. పరాయి వస్తువు తగిలితే శరీరం ఊరుకోదు. అక్కడ వాపు వస్తుంది, తర్వాత మచ్చలాంటి కణజాలం పేరుకుంటుంది. ఆ మచ్చను దాటి గుండెను కదిలించాలంటే ఎక్కువ కరెంటు పంపాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. 1980ల్లో తీగ కొసలోనే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను కొద్దిగా పెట్టి, అది మెల్లమెల్లగా కరిగేలా చేశారు. వాపు తగ్గింది, కావాల్సిన కరెంటూ తగ్గింది. పరికరం ఆయుష్షు పెంచడంలో ఒక మందుకు కూడా భాగం దక్కింది.

తర్వాత పేస్‌మేకర్లకు రేడియో వచ్చింది. ఆపరేషన్ లేకుండా సెట్టింగ్స్ మార్చవచ్చు, రోగి ఇంట్లో ఉండగానే సమాచారం ఆసుపత్రికి చేరుతుంది. ఇది నిజంగా గొప్ప సౌకర్యం. అయితే లిథియం-అయోడిన్ సెల్ ఇవ్వగలిగేది మైక్రో ఆంపియర్లలో, అంటే ఆంపియర్‌లో పది లక్షల వంతుల్లో, కరెంటు. గుండెకు అది చాలు, రేడియోకు చాలదు. అందుకే లిథియం-కార్బన్ మోనోఫ్లోరైడ్ లాంటి వేరే రసాయనాల వైపు మళ్లాల్సి వచ్చింది. ఇంకో ప్రశ్న కూడా పుట్టింది. డాక్టరు రేడియోలో మాట్లాడగలిగితే, ఇంకెవరైనా మాట్లాడగలరా?

2008లో దీనికి జవాబు దొరికింది. కంప్యూటర్ భద్రతా పరిశోధకులు కెవిన్ ఫూ, తదయోషి కోనో, గుండె వైద్యుడు విలియం మైజెల్, వాళ్ల సహచరులు కలిసి ఒక డీఫిబ్రిలేటర్‌ను ల్యాబ్‌లో పరీక్షించారు. గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసే పరికరం అది. సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో ఒకటి తీసుకుని, పరికరం పంపే సంకేతాలను విన్నారు. రోగి పేరు, జబ్బు వివరాలు దాపరికం లేకుండా గాల్లో వెళ్తున్నాయి. చికిత్సను ఆపెయ్యమని ఆదేశం పంపితే పరికరం ఆపేసింది. షాక్ ఇవ్వమంటే ఇచ్చింది. ఇదంతా కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి చేసినదేనని వాళ్లే స్పష్టంగా రాశారు, భయపెట్టాలని చూడలేదు. అయినా సంగతి చిన్నదేమీ కాదు. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చేనీ పరికరంలో వైర్‌లెస్ సౌకర్యాన్ని 2007లోనే ఆపేయించారని తర్వాత ఆయనే చెప్పారు.

పాస్‌వర్డ్ పెట్టేస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఈ చిక్కే. రోగి వేరే ఊరికి వెళ్లి అక్కడ కుప్పకూలాడనుకోండి. అక్కడి ఎమర్జెన్సీ డాక్టరుకు ఆ పాస్‌వర్డ్ తెలియదు. చెప్పాల్సిన మనిషికి స్పృహ లేదు. భద్రతా నిపుణుడి దృష్టిలో గట్టి తాళం మంచిది, ఆ డాక్టరు దృష్టిలో అదే తాళం ప్రాణం తీస్తుంది. ఇద్దరూ తమ తమ శాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్లు కరెక్టే. మధ్యలో బ్యాటరీ ఒకటి. ఎవరో అపరిచితుడు తలుపు తట్టిన ప్రతిసారీ, నువ్వెవరని అడగడానికి పరికరం నిద్రలేవాలి. ఊరికే తడుతూ ఉంటే చాలు, లోపలికి రాకుండానే బ్యాటరీని తినెయ్యవచ్చు.

ఈ ముడి విప్పడానికి పరిశోధకులు పట్టిన దారులు ఒకదాన్ని మించినవి ఒకటి. 2008 బృందమే, దాడి చేసేవాడి రేడియో తరంగాల్లోని శక్తితోనే బీప్‌మని మోగి రోగిని హెచ్చరించే చిన్న భాగాన్ని చేసి చూపించింది. దానికి లోపలి బ్యాటరీ నుంచి చుక్క కూడా అక్కర్లేదు. 2011లో ఎమ్‌ఐటీ, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పరికరాన్ని ముట్టుకోకుండా, ఒంటి మీద ధరించే కవచాన్ని ప్రతిపాదించారు. అది రేడియో గోల పుట్టించి మిగతావాళ్లెవరికీ పరికరం మాట వినపడకుండా చేస్తుంది, తను మాత్రం వింటుంది. ఎమర్జెన్సీలో డాక్టరు దాన్ని తీసి పక్కన పెడితే చాలు. 2013లో మరో బృందం గుండెచప్పుడునే తాళంచెవి చేసింది. రెండు స్పందనల మధ్య కాలం ప్రతిసారీ ఇంతో అంతో మారుతుంది, ఆ తేడాను ముందే ఊహించలేం. రోగిని ముట్టుకున్నవాళ్లు మాత్రమే ఆ క్షణంలో దాన్ని కొలవగలరు. లోపలి పరికరమూ కొలుస్తుంది, రెండు లెక్కలూ కలిస్తే తలుపు తెరుచుకుంటుంది.

ఇవి ల్యాబ్‌లో చేసి చూపినవి. ఆసుపత్రిలో వ్యవహారం ఇంకాస్త బరువుగా ఉంటుంది. 2017 ఆగస్టులో అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, ఎబాట్ కంపెనీవి సుమారు 4,65,000 పేస్‌మేకర్లకు భద్రతా అప్‌డేట్‌ను ఆమోదించింది. అప్పటికి హ్యాకింగ్ వల్ల ఎవరికీ హాని జరిగినట్టు దాఖలా లేదు. రోగి క్లినిక్‌కు రావాలి. అప్‌డేట్‌కు పట్టేది సుమారు 3 నిమిషాలు, అంతసేపూ పరికరం నిమిషానికి 67 సార్లు చొప్పున గుండెను నడుపుతూనే ఉంటుంది. పరికరం పూర్తిగా ఆగిపోయే అవకాశం, పాత అప్‌డేట్ల అనుభవాన్ని బట్టి, 0.003 శాతం. ఫోన్‌లో అప్‌డేట్ నొక్కడానికి మనం ఆలోచించం. ఇక్కడ మాత్రం డాక్టరూ రోగీ ఎదురెదురుగా కూర్చుని, ఇప్పుడు చేయించుకోవాలా, ఆగాలా అని మాట్లాడుకోవాల్సిందే.

హ్యాకర్ల గురించి ఇంత చెప్పాక, హ్యాకర్ అవసరమే లేని కష్టం ఒకటి చెప్పాలి. నార్వేకు చెందిన భద్రతా పరిశోధకురాలు మరీ మో ఒంట్లోనే పేస్‌మేకర్ ఉంది. లండన్‌లోని కోవెంట్ గార్డెన్ మెట్రో స్టేషన్‌లో మెట్లెక్కుతుండగా ఆమెకు ఒక్కసారిగా సత్తువ పోయి అడుగు ముందుకు పడలేదు. ఆమె గుండె వేగం గరిష్ఠ పరిమితిని తాకగానే పేస్‌మేకర్ దాన్ని సగానికి దించేసింది. కారణం వెతికితే, సెట్టింగ్స్ మార్చే యంత్రంలో సాఫ్ట్‌వేర్ బగ్ తేలింది. తెర మీద కనిపించే అంకెలు వేరు, ఒంట్లో ఉన్న అంకెలు వేరు. తన గుండెను నడిపే కోడ్‌ను చదివే వీలు రోగికి ఉండాలని ఆమె బహిరంగంగా అడుగుతూ వస్తున్నారు. ఆ కోరిక న్యాయమైనదనే నా అభిప్రాయం.

2025లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం బృందం బియ్యపు గింజ కన్నా చిన్న పేస్‌మేకర్‌ను ప్రకటించింది. పొడవు 3.5 మిల్లీమీటర్లు, వెడల్పు 1.8, మందం 1. అందులో విడిగా బ్యాటరీ లేదు. రెండు రకాల లోహాల మధ్య ఒంట్లోని ద్రవమే ఎలక్ట్రోలైట్‌గా, అంటే అయాన్లను మోసే ద్రావణంగా, పనిచేసి కరెంటు పుట్టిస్తుంది. గుండె ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులు తోడుండి, పని అయ్యాక కరిగిపోతుంది. దానికి ఆదేశాలు వచ్చేది రేడియోలో కాదు, కాంతిలో. ఛాతీ మీద అంటించిన ప్యాచ్ గుండె లయ తప్పినట్టు గుర్తించి, చర్మాన్ని దాటగల వెలుగును మినుకుమనిపిస్తుంది. తాళం వెయ్యాల్సిన చోటు ఇప్పుడు ఛాతీ లోపలి నుంచి చర్మం మీదికి వచ్చింది. అక్కడ బ్యాటరీ అయిపోతే మార్చుకోవచ్చు, గట్టి గుప్తలేఖనానికి (సమాచారాన్ని ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చడానికి) కావాల్సిన శక్తికి కొరత ఉండదు, ఎమర్జెన్సీలో ప్యాచ్‌ను ఊడబీకి ఇంకోటి అంటించవచ్చు. ఏళ్ల తరబడి ఉండాల్సిన పేస్‌మేకర్లకు ఈ ఏర్పాటు ఎంతవరకు పనికొస్తుందో తేలాల్సి ఉంది.