"మా రాష్ట్రం కార్డు ఇక్కడ నడవదు కదా సార్?"

ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ నాది, ప్రభుత్వ ఉచిత వైద్యం కార్డులు చూసేది అక్కడే. ఎవరూ కాదనకముందే 'మనకు రాదులే' అనుకుని వెనక్కి తిరిగేవాళ్లను రోజూ చూస్తుంటాను.

అపోహ: వేరే రాష్ట్రం కార్డు ఇక్కడ పనికిరాదు.

వాస్తవం: అది ఏ కార్డు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ భారత్ కార్డయితే, ఆ పథకంలో నమోదైన ఆస్పత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. ఒడిశా 2025లో ఇందులో చేరింది. నువాఖాయి (కొత్త పంట పండుగ) చేసుకుని ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి మన ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

మొన్న ఒకతను భార్యను తీసుకొచ్చాడు. కార్డు చొక్కా జేబులోనే ఉంది, పాలిథిన్ కవర్‌లో చుట్టి. నేను అడిగితేగానీ తీయలేదు. తీరా మెషిన్ మీద ఆమె వేలు పెడితే పడదు. ఇటుకలు చేసీ చేసీ వేలిముద్రలు అరిగిపోయాయి. చివరికి కంటిపాప స్కాన్‌తో పని అయింది. వేలు పడకపోతే కార్డు పోయినట్టు కాదు. కంటి స్కాన్ గానీ ఓటీపీ గానీ అడగండి. (ఆ ఓటీపీ వచ్చే ఫోన్ ఊళ్లో ఉండిపోతుంది, అదో తలనొప్పి.)

మనవాళ్లది దీనికి తిరగేసిన కథ. పాలమూరు నుంచి ముంబయికి పనికి పోయినవాళ్లు ఆరోగ్యశ్రీ ఉందని ధీమాగా ఉంటారు. అది మన రాష్ట్ర పథకం, అక్కడి ఆస్పత్రులు తీసుకోవు. ఆయుష్మాన్ కార్డు కూడా ఉందో లేదో బయల్దేరకముందే చూసుకోవాలి. 14555కి ఫోన్ చేస్తే చెప్తారు.

అపోహ: షుగరో గుండెజబ్బో ముందే ఉంటే ఇవ్వరు.

వాస్తవం: ప్రైవేట్ పాలసీలు చూసి పుట్టిన భయం ఇది. ఆయుష్మాన్‌లో పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది.

అపోహ: ఇంట్లో ఐదుగురికే.

వాస్తవం: ఆయుష్మాన్‌కు ముందున్న కేంద్ర ఆరోగ్య బీమా ఆర్‌ఎస్‌బీవై నాటి లెక్క ఇది. ఐదుగురికి కలిపి ఏడాదికి 30 వేలు. ఇప్పుడు ఎంతమంది ఉన్నా పర్వాలేదు. అయితే ఆయుష్మాన్‌లో ఏడాదికి ఇచ్చే 5 లక్షలు కుటుంబం మొత్తానికి, తలా ఒక 5 లక్షలు కాదు.

అపోహ: బిల్లు కట్టేటప్పుడు కార్డు చూపిస్తే చాలు.

వాస్తవం: ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. చికిత్సకు ముందే ఆన్‌లైన్‌లో అనుమతి రావాలి. ఒకబ్బాయి తన తల్లి డిశ్చార్జి రోజున కార్డు తెచ్చి, "డిపాజిట్ కట్టేశాం సార్, వెనక్కిస్తారా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఎమర్జెన్సీ అయితే పేషెంటును లోపలికి పంపించి, మీలో ఒకరు కార్డు పట్టుకుని మా కౌంటర్‌కి రండి.