ఫిల్ము ఫొటో పంపితే స్కాన్ పంపినట్టేనా?

శ్రీకాకుళంలో కూర్చుని టెక్కలి, పలాస, సోంపేట వైపు నుంచి వచ్చే స్కాన్లు చదవడం నా పని. రోగిని నేను చూడను. నాకు అందింది ఎంత పూర్తిగా ఉంటే నా మాట అంత గట్టిగా ఉంటుంది.

అపోహ: ఫిల్మును ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే చాలు.

"ఫొటో పంపించేశాం కదా బాబూ, మళ్లీ సీడీ దేనికి?" అని రోగి తాలూకు వాళ్లు అడుగుతుంటారు.

వాస్తవం: సీటీ బొమ్మలో ఒక్కో చుక్క ఒక కొలత. అక్కడి కణజాలం ఎక్స్‌రేను ఎంత అడ్డుకుందో చెప్పే అంకె. మామూలుగా 12 బిట్లు, అంటే 4,096 మెట్లు. ఫోన్ ఫొటోలో నలుపు తెలుపుల మధ్య మిగిలేవి 256. వాట్సాప్ దాన్ని ఇంకా కుదిస్తుంది. బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినవారిలో పుర్రె లోపలి అంచున పల్చగా పేరుకున్న రక్తం ఎముక తెలుపులో కలిసిపోతుంది. సీడీలో వచ్చే డైకామ్ ఫైలు, అంటే ఆ కొలతలన్నీ ఉండే అసలు ఫైలు, ఉంటే విండో మార్చి, అంటే ఏ అంకెల మేర నలుపు తెలుపులుగా చూపించాలో సర్ది, ఆ రెంటినీ విడదీసి చూస్తాను. ఫొటోలో లేనిదాన్ని ఏ డాక్టరూ రప్పించలేరు. ఫిల్ము తిరగేసి పట్టుకుంటే కుడి కాస్తా ఎడమైపోతుంది కూడా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఫొటో పెట్టి ఫోన్ చెయ్యండి, తప్పులేదు. ఆ వెనకే ఫైలు రావాలి.

అపోహ: అంత పెద్ద ఫైళ్లు మా ఊరి నెట్‌లో పోవు.

వాస్తవం: సీటీ ముక్క ఒకటి సుమారు అర ఎంబీ. 300 ముక్కలైనా 150 ఎంబీ. పోతుంది.

అపోహ: ఏ జబ్బో స్కానే చెబుతుంది.

వాస్తవం: చీటీ మీద "కడుపునొప్పి" అని ఒక్క మాట రాసి పంపుతారు. ఏ పక్క? ఎన్నాళ్లుగా? జ్వరం ఉందా? ఇంతకుముందు ఆపరేషన్ అయిందా? ఇవి తెలిస్తే ఎక్కడ నిలిచి చూడాలో తెలుస్తుంది. ఊపిరితిత్తిలో మచ్చ పాతదో కొత్తదో చాలాసార్లు పాత ఎక్స్‌రే పక్కన పెడితేనే తేలుతుంది.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లను ప్రత్యేకంగా అడుగుతున్నాను: కాంట్రాస్ట్ ఇంజెక్షన్ (లోపలి భాగాలు స్పష్టంగా కనబడేందుకు ఎక్కించే మందు; కిడ్నీల గుండానే బయటికి పోతుంది) అవసరమయ్యే స్కాన్ అయితే క్రియాటినిన్ రిపోర్టు, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, ముందే పంపండి. కిడ్నీ జబ్బు తొలినాళ్లలో బాధే తెలియనివ్వదు. "నాకేం లేదు" అన్న మాట నమ్మి ఆ ఇంజెక్షన్‌కి సరే అనలేను.

అపోహ: అల్ట్రాసౌండ్ కూడా ఇలాగే పంపొచ్చు.

వాస్తవం: ప్రోబ్ (ఒంటి మీద ఆనించి తిప్పే పరికరం) పట్టిన చెయ్యి ఎక్కడ వెతికితే అదే తెర మీదికి వస్తుంది. ఎవరో ఆపి తీసిన నాలుగు బొమ్మలు చూసి "గడ్డ లేదు" అని నేను రాయలేను.

విశాఖ ఆసుపత్రికి వెళ్లమని రాసిచ్చారా? బయల్దేరే ముందు స్కాన్ సెంటర్లో సీడీ అడిగి పుచ్చుకోండి. అది లేకపోతే అక్కడ అదే స్కాన్ మళ్లీ తియ్యాల్సి రావచ్చు. ఖర్చూ రెండోసారి, రేడియేషనూ రెండోసారి.