తర్కశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన పొరపాట్లు: అపోహలు – వాస్తవాలు

హైదరాబాదులో డిగ్రీ విద్యార్థులకూ, యూజీసీ నెట్ మొదటి పేపరుకు సిద్ధమయ్యేవారికీ తర్కశాస్త్రం బోధిస్తుంటాను. వారు చదివే పుస్తకాల్లో కొన్ని పొరపాట్లు ఒక ముద్రణ నుంచి మరో ముద్రణకు అలాగే సాగుతున్నాయి. తర్కం నేర్పే పుస్తకమే పరస్పర విరుద్ధంగా మాట్లాడితే, విద్యార్థి పుస్తకాన్ని కాక తన బుద్ధినే శంకించుకుంటాడు. నా బాధ అదే.

అపోహ: నిగమనం (డిడక్షన్) సామాన్యం నుంచి, అంటే అందరికీ వర్తించే మాట నుంచి, విశేషానికి, అంటే ఒక్కరికి వర్తించే మాటకు, ఆగమనం (ఇండక్షన్) విశేషం నుంచి సామాన్యానికి సాగుతాయి.

వాస్తవం: "పావురాలన్నీ పక్షులే, పక్షులన్నీ ప్రాణులే, కనుక పావురాలన్నీ ప్రాణులే" అన్న నిగమనంలో మూడూ సామాన్య వాక్యాలే. మొన్నా నిన్నా వేళకు వచ్చిన బస్సు రేపూ వేళకు వస్తుందనుకోవడం ఆగమనమే అయినా, అందులో సామాన్య వాక్యం ఒక్కటీ లేదు. ఆధారవాక్యాలు సత్యమైతే ముగింపు తప్పనిసరిగా సత్యమవుతుందా, లేక నమ్మదగినది మాత్రమే అవుతుందా అన్నదే అసలు భేదం.

అపోహ: "అందరూ" అన్న వాక్యం నిజమైతే "కొందరు" అన్న వాక్యం ఎల్లప్పుడూ నిజమే.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంది. "హైదరాబాదీలలో చార్మినార్ ఐదో మినారు ఎక్కినవారు ఎవరూ లేరు" అన్న వాక్యాన్ని తీసుకుందాం. ఉన్నవి నాలుగే కనుక ఇది నిజం. దీన్ని పరివర్తనం చేస్తే, అంటే రెండు పదాల చోట్లు మార్చితే, "ఐదో మినారు ఎక్కినవారిలో హైదరాబాదీలు ఎవరూ లేరు" అని వస్తుంది. దానినే "ఐదో మినారు ఎక్కినవారందరూ హైదరాబాదీలు కానివారే" అని మార్చి చెప్పవచ్చు. ఇక "అందరూ" నుంచి "కొందరు"కు దిగితే, ఐదో మినారు ఎక్కిన హైదరాబాదీయేతరులు కొందరున్నారని తేలుతుంది! ప్రతి మెట్టునూ పాఠ్యపుస్తకం అనుమతించింది, అయినా నిజంతో మొదలై అబద్ధానికి చేరాం. వాక్యంలోని పదాలు సూచించే వర్గాల్లో కనీసం ఒక్కరైనా ఉన్నారని సంప్రదాయ తర్కం ముందే అనుకుంటుంది, పుస్తకాలు మాత్రం ఆ షరతును చెప్పవు.

19వ శతాబ్దంలో జార్జ్ బూల్, జాన్ వెన్ వంటి తర్కవేత్తల కృషితో స్థిరపడిన ఆధునిక పద్ధతికి ఆ షరతు లేదు. అందువల్ల విరోధ చతురస్రంలో ("అందరూ", "ఎవరూ కాదు", "కొందరు", "కొందరు కాదు" అన్న నాలుగు రకాల వాక్యాల సంబంధాలను చూపే పటంలో) కర్ణాల వెంబడి ఉండే వ్యాఘాత సంబంధం (రెండింటిలో ఒకటి నిజమైతే మరొకటి అబద్ధం కావడం) ఒక్కటే నిలుస్తుంది. సంప్రదాయ తర్కం చెల్లుతాయనే 24 సిలాజిజం (రెండు ఆధారవాక్యాల నుంచి ఒక ముగింపు రాబట్టే వాదన) రూపాల్లో 15 మాత్రమే షరతు లేకుండా చెల్లుతాయి. ఒక అధ్యాయంలో పూర్తి చతురస్రాన్నీ, మరుసటి అధ్యాయంలో వర్గాలను వలయాలతో చూపే, ఆ షరతు లేని వెన్ చిత్రాలనూ నేర్పి, రెంటికీ మధ్య ఒక్క వాక్యమైనా రాయకపోవడం క్షమించరాని లోపమని నా అభిప్రాయం. బ్యాంకు పరీక్షల్లో "అన్నీ" నుంచి "కొన్ని" వస్తుందనే లెక్క కాబట్టి అక్కడ అలాగే జవాబు పెట్టండి, కానీ అది ఆ పరీక్ష ఏర్పరచుకున్న నియమమని తెలిసి పెట్టండి.

అపోహ: పుస్తకంలో ఉన్నదంతా అరిస్టాటిల్ చెప్పినదే.

వాస్తవం: ఆయన విడదీసి చెప్పిన సిలాజిజం ఆకృతులు (రెండు ఆధారవాక్యాల్లోనూ వచ్చే పదం చోటును బట్టి ఏర్పడే అమరికలు) మూడే, నాలుగోది తరవాతివారు చేర్చినది. సోక్రటీసు మర్త్యుడన్న సుప్రసిద్ధ ఉదాహరణ కూడా ఆయన రచనల్లో లేదు.

అపోహ: భారతీయ తర్క సంప్రదాయమైన న్యాయదర్శనంలోని పంచావయవ వాక్యం (ఐదు మెట్ల వాదన) సిలాజిజానికి రెండు అనవసరపు మెట్లు కలిపినది, హేత్వాభాసాలు (ఆ దర్శనం చెప్పే తప్పుడు హేతువులు) రూపదోషాలు, అంటే వాదన అమరికలోని తప్పులు.

వాస్తవం: ప్రతిజ్ఞ (కొండ మీద నిప్పుంది), హేతువు (పొగ ఉంది కనుక), ఉదాహరణ (పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగా), ఉపనయం (ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది), నిగమనం (కనుక నిప్పుంది; ఇది పైన చెప్పిన డిడక్షన్ కాదు, ముగింపు వాక్యం) అన్న ఐదూ ఎదుటివారిని ఒప్పించే పరార్థానుమానానికి చెందినవి, తనకోసం చేసుకునే అనుమానానికి ఆ వాక్యాలు అక్కరలేదు. ఉపనయం పునరుక్తి కూడా కాదు. నిప్పుతో వ్యాప్తమైన పొగే ఈ కొండ మీద ఉందని హేతువునూ వ్యాప్తినీ (పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండటాన్నీ) కలిపి చూపేది అదే. ఇక న్యాయ పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహం అన్న గ్రంథంలో బాధితానికి (వేరే ప్రమాణం వల్ల అబద్ధమని ముందే తెలిసినదాన్ని నిరూపించబోయే హేత్వాభాసానికి) ఇచ్చిన ఉదాహరణ చూడండి: నిప్పు వేడిగా ఉండదు, ఎందుకంటే అది ద్రవ్యం. "ద్రవ్యాలేవీ వేడిగా ఉండవు, నిప్పు ద్రవ్యం, కనుక నిప్పు వేడిగా ఉండదు" అని సిలాజిజంగా పేర్చితే రూపంలో ఏ లోపమూ కనిపించదు. నిప్పు వేడి ప్రత్యక్షంగా తెలిసినదే కనుక ఆ హేతువు చెల్లదని నైయాయికుడు (న్యాయదర్శనాన్ని అనుసరించేవాడు) అంటాడు. దీన్ని రూపదోషాల పట్టికలో చేర్చిన పుస్తకం అరిస్టాటిల్‌కూ అన్నంభట్టుకూ ఒకేసారి అన్యాయం చేస్తోంది.