పాత ఇంటి మెయిన్ బోర్డు: ఫ్యూజులు పోయినా షాకులు ఎందుకు పోలేదు

1960, 70లలో కట్టిన ఇంటి మీటరు పక్కన చెక్క బోర్డు ఉంటుంది. దాని మీద ఇనప డబ్బా మెయిన్ స్విచ్, అంటే ఎలక్ట్రీషియన్లు ఐసీడీపీ అనేది, కింద వరసగా తెల్లటి పింగాణీ కట్‌అవుట్లు. వీటినే కిట్‌క్యాట్ ఫ్యూజులంటారు. అక్కడి నుంచి టేకు బద్దీల మీదుగా గదుల్లోకి పోయే రాగి తీగలు లైట్లకు 1/18, ప్లగ్గులకు 3/20. మొదటి అంకె తీగలో పోగుల సంఖ్య, రెండోది పోగు మందం గేజి. ఇప్పటి లెక్కలో 1/18 అంటే సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు, 3/20 అంటే సుమారు 2. నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో ఉన్న కాలానికి అది ధారాళంగా సరిపోయింది.

ఆ కట్‌అవుట్ చెడ్డదేమీ కాదు. సరైన తీగ వేసినంతకాలం తన పని తాను చేసింది. తగరం పూత పూసిన రాగి ఫ్యూజు తీగ 5 ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్లు, 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. అయితే 15 ఆంపియర్ల తీగ 15 దగ్గర కరగదు. తీగ మందాన్ని బట్టి అది ఎంత కరెంటుకు కరుగుతుందో చెప్పే ప్రీస్ సూత్రం ప్రకారం కరగడానికి దాదాపు 28 ఆంపియర్లు కావాలి. దానికి తోడు రాత్రిపూట ఫ్యూజు పోతే ఇంట్లో ఫ్యూజు తీగ దొరకదు, మిగిలిపోయిన వైరు ముక్కలోంచి ఒక పోగు లాగి చుట్టేస్తారు. 3/20 వైరు పోగు మందం 0.9 మిల్లీమీటర్లు. అది కరగాలంటే 70 ఆంపియర్లు పారాలి. గోడమీది 3/20 వైరు 15కి మించి మోయలేదు. అంటే ఫ్యూజు కంటే ముందే బద్దీలోని వైరు కాలుతుంది. పాత ఇళ్లలో బద్దీ వెంట కనిపించే నల్లటి చారలు చాలావరకు ఈ పోగు పుణ్యమే.

ఇంకో పాత అలవాటు, ఫేజుకూ (కరెంటు వచ్చే తీగ) న్యూట్రల్‌కూ (తిరిగి పోయే తీగ) చెరొక ఫ్యూజు పెట్టడం. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది, హోల్డర్లో మాత్రం ఫేజు అలాగే ఉంటుంది. కరెంటు లేదనుకుని ముట్టుకున్నవాడికి దెబ్బ తగులుతుంది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోని 32వ నిబంధన దీన్ని వద్దంది. అయినా ముందే బిగించిన బోర్డులు ముందులాగే ఉండిపోయాయి.

కట్‌అవుట్ల తర్వాత వచ్చింది ఎంసీబీ, కరెంటు మితిమీరితే తనంతట తానే పడి సరఫరా ఆపే స్విచ్. దాని మూలం జర్మనీలో ఉంది. మన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్స్ సంస్థ 1924లో పేటెంటు తీసుకున్న బ్రేకరులోనే రెండు పనులు కలిశాయి. మెల్లగా పెరిగే ఓవర్‌లోడుకు వేడికి వంగే బైమెటల్ పట్టీ, షార్టుకు క్షణంలో లాగే అయస్కాంతపు చుట్ట. నేటి ప్రమాణం ప్రకారం రేటింగుకు 1.45 రెట్లు పారితే గంటలోపు పడాలి. షార్టుకైతే బి రకం 3 నుంచి 5 రెట్ల మధ్య, సి రకం 5 నుంచి 10 రెట్ల మధ్య తక్షణం పడతాయి. ఇంట్లో గీజరు, ఏసీ చేరాక మనవాళ్లు కట్‌అవుట్లు పీకి ఎంసీబీలు పెట్టించారు. పని అయిపోయిందనుకున్నారు. నిజానికి అక్కడికి సగమే అయింది, ఎందుకంటే ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు.

ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఇంటి ఎర్త్ గొయ్యి నిరోధం 4 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరిది 1 ఓము అనుకుందాం, ఇవి మంచి అంకెలే. గీజరు ఒంటికి ఫేజు తగిలితే పారేది 230 భాగించు 5, అంటే 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే కనీసం 80 కావాలి, కాబట్టి బైమెటల్ వేడెక్కేదాకా ఆగాలి. 32 ఆంపియర్లదైతే గంటైనా పడకపోవచ్చు. అంతసేపూ గీజరు ఒంటి మీద 184 వోల్టులుంటాయి. వేసవిలో గొయ్యి ఎండి 20 ఓములకు చేరితే పారేది 11 ఆంపియర్లే. అప్పుడు 16 ఆంపియర్ల ఎంసీబీ ఎప్పటికీ పడదు.

ఈ ఖాళీని పూడ్చడానికి మొదట వచ్చింది, కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సరఫరా ఆపే, వోల్టేజీతో పనిచేసే ఈఎల్‌సీబీ. ఎర్త్ తీగ దాని చుట్టగుండా పోవాలి. నీళ్ల పైపు ద్వారా ఎర్త్ వేరే దారి పడితే అది మూగబోతుంది. 1950లలో ఆస్ట్రియాలో బీగెల్‌మయర్, 1961లో అమెరికాలో చార్లెస్ డాల్‌జీల్ మరో దారి పట్టారు: పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని చూసి, తేడా ఉంటే సరఫరా ఆపడం. ఇప్పటి ఆర్‌సీసీబీ అదే. మన కొట్లలో దీన్ని కూడా ఈఎల్‌సీబీ అనే అడుగుతారు.

ఆ 1956 నిబంధనల్లోనే 61-ఎ కింద లీకేజీ రక్షణ తప్పనిసరి అయినప్పుడు 250 వోల్టులలోపు, 5 కిలోవాట్లలోపు కనెక్షన్లను మినహాయించారు. ఒక కిలోవాటు మంజూరు లోడుతో ఉన్న పాత ఇల్లు అలా బయటపడిపోయింది. తర్వాత అదే ఇంట్లో ఏసీ చేరినా కాగితం మీద లోడు పెంచించుకున్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు మార్చేటప్పుడు వచ్చే తంటా కూడా ఆ చరిత్రలోంచే వస్తుంది. పాత వైరింగులో దగ్గరున్న న్యూట్రల్‌ను లాగి వాడేశారు. హాలు లైటు ఫేజు ఒక సర్క్యూట్‌ది, న్యూట్రల్ ఇంకో సర్క్యూట్‌ది. ఇన్వర్టర్ పెట్టినప్పుడు ఈ గందరగోళం ఇంకా పెరిగింది. ఆర్‌సీసీబీ బిగించగానే స్విచ్ వేస్తే, పోయిన కరెంటూ తిరిగొచ్చినదీ సరిపోలక, పడిపోతుంటుంది. మేస్త్రీ దాన్ని తీసి పక్కన పెట్టి ‘పాత ఇంటికి ఇది ఆగదండీ’ అంటాడు. తప్పు ఆర్‌సీసీబీది కాదు.

అందుకే బోర్డు కొనేముందు వైరు ఇన్సులేషన్ నిరోధం కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్ చూడాలి. 1 మెగా ఓముకు తగ్గితే ఆ వైరు మార్చాల్సిందే. లైన్‌మన్ సరఫరా ఆపాకే మీటరు వైపు చెయ్యి పెట్టాలి, మెయిన్ ఆపినా అక్కడిదాకా కరెంటు ఉంటుంది. కొత్త డీబీలో, అంటే డిస్ట్రిబ్యూషన్ బోర్డులో, ముందు 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, దాని వెనక 40 ఆంపియర్లు మోసే, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే పడే ఆర్‌సీసీబీ. ఆర్‌సీసీబీకి ఓవర్‌లోడు తెలియదు, కాబట్టి దాని రేటింగు ముందున్న ఎంసీబీ కంటే తగ్గకూడదు. తర్వాత 1/18 లైట్లకు 6 ఆంపియర్ల ఎంసీబీ, ఉంచేసిన 3/20 ప్లగ్గులకు 10, కొత్తగా లాగిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 16, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద సి రకం 20. 3/20 మీద 16 పెడితే పాత తప్పే కొత్త డబ్బాలో కూర్చున్నట్టు. 2 కిలోవాట్ల గీజరు తీసుకునేది 9 ఆంపియర్లలోపే, 10 చాలు. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరుకు మాత్రం కొత్త వైరు లాగాలి.

అల్యూమినియం వైరున్న ఇళ్లలో స్క్రూ కింద ఆ లోహం నలిగి వదులవుతుంది, వేడెక్కుతుంది. డీబీలోకి తెచ్చేటప్పుడు బైమెటల్ లగ్గు (రాగి, అల్యూమినియం కలిపి చేసిన కొన) వేయాలి. ఆర్‌సీసీబీ దాటిన న్యూట్రళ్లన్నీ దాని సొంత లింకులోనే (న్యూట్రళ్లు కలిపే పట్టీ) పడాలి. ఒక్కటి పాత లింకులో మిగిలినా పడిపోతూనే ఉంటుంది. అన్నీ బిగించాక టి అని రాసిన బొత్తాం నొక్కితే ఆర్‌సీసీబీ పడాలి. ఆ బొత్తాం పరీక్షించేది లోపలి యంత్రాన్నే, ఎర్త్ గొయ్యిని కాదు. దానికి వేరే కొలత కావాలి.