రెండు గోడలు, ఒక వింగర్: వాఐంగా తుయింగమాలా ఆటజీవితం వెనక చరిత్ర

వాఐంగా తుయింగమాలా 2022 ఫిబ్రవరి 24న, 52 ఏళ్ల వయసులో కన్నుమూశారు. న్యూజిలాండ్ వారికి ఆయన తమ జాతీయ రగ్బీ యూనియన్ జట్టు ఆల్ బ్లాక్స్‌లో వింగర్, అంటే మైదానం అంచున పరుగెత్తే ఆటగాడు. ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న విగన్ పట్టణం వారికి తమ రగ్బీ లీగ్ జట్టుకు కప్పులు తెచ్చిపెట్టిన యోధుడు. పసిఫిక్ ద్వీప దేశం సమోవా వారికి లీగ్‌లోనూ, యూనియన్‌లోనూ తమ నీలం చొక్కా తొడిగిన సొంత బిడ్డ. ఇన్ని జట్లు ఒకే మనిషికి ఎలా దక్కాయన్న ప్రశ్నకు ఆయన ప్రతిభ ఒక్కటే జవాబు కాదు. రగ్బీ చరిత్రలో రెండు గోడలున్నాయి. ఒకటి యూనియన్, లీగ్ అనే రెండు రకాల రగ్బీ ఆటల మధ్య డబ్బు పేరిట వందేళ్లు నిలిచి 1995లో కూలింది. రెండోది దేశం పేరిట 2000లో లేచింది. ఆ రెంటి నడుమ ఉన్న అయిదేళ్ల సందులోనే ఆయన జీవితంలోని ముఖ్య ఘట్టాలు చాలావరకు నడిచాయి. అంతకు పదేళ్లు ముందు పుట్టినా, పదేళ్లు వెనక పుట్టినా ఈ కథ ఇలా ఉండేది కాదు.

ఆయన 1969 సెప్టెంబరు 4న సమోవాలోని ఉపోలు దీవిలో, ఫలేయాసీయు అనే ఊళ్లో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం న్యూజిలాండ్‌కు వలస వెళ్లింది. ఈ వలసకు పాత చరిత్ర ఉంది. 1914 ఆగస్టు 29న న్యూజిలాండ్ సైన్యం అపియాలో దిగి, జర్మనీ పాలనలో ఉన్న సమోవాను స్వాధీనం చేసుకుంది. 1918లో ఆక్లండ్ నుంచి వచ్చిన ఒక ఓడను రోగుల్ని వేరుగా ఉంచకుండానే రేవులోకి రానిచ్చినందువల్ల ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించి, అక్కడి జనాభాలో అయిదో వంతు మంది చనిపోయారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చేనాటికే న్యూజిలాండ్ ఫ్యాక్టరీలకు కూలీలు కావలసి వచ్చి, సమోవా కుటుంబాలు ఆక్లండ్ బాట పట్టాయి. 1970లలో ఆర్థిక వ్యవస్థ మందగించగానే అదే దేశపు ప్రభుత్వం వీసా గడువు దాటిన వారి కోసం తెల్లవారుజామున ఇళ్ల తలుపులు తట్టించింది. ఆ దాడులకు అప్పటి ప్రధాని జెసిండా ఆర్డెర్న్ 2021లో గాని క్షమాపణ చెప్పలేదు. సమోవా పిల్లలు ఆక్లండ్ మైదానాల్లో రగ్బీలో రాణించడాన్ని జాతి లక్షణమంటూ తేల్చేసేవారు ఈ చరిత్రను చూడరు. సెలవురోజు ఖర్చు లేకుండా ఆడగలిగే ఆట అదే. పేరు తెచ్చుకుంటే గౌరవం దక్కే చోటూ అదే.

ఆయన పేరు గురించి ఒక మాట. సమోవా భాషను ఇంగ్లిషు లిపిలో రాసేటప్పుడు 'గ' కోసం వాడే అక్షరాన్ని వాళ్లు 'ంగ' అని పలుకుతారు. వాఐంగా నుంచి 'ఇంగా' అన్న ముద్దుపేరు అలా పుట్టింది. వింగర్‌తో ప్రాస కలవడంతో 'ఇంగా ద వింగర్' అన్న పిలుపు స్థిరపడిపోయింది. ఇంగ్లిషు వ్యాఖ్యాతల నోట అవస్థ పడిన ఆ ధ్వని మన లిపిలో సున్నా పెట్టగానే ఇమిడిపోతుంది.

ఆక్లండ్ జట్టు నుంచి ఆల్ బ్లాక్స్‌కు ఎదిగి, 1991 నుంచి 1993 వరకు ఆయన 19 టెస్టులు ఆడారు. వింగర్ అంటే మైదానం అంచున పరుగెత్తే చురుకైన కుర్రాడన్న అంచనాను ఆయన శరీరమే మార్చింది. వంద కిలోలు దాటిన మనిషి బంతిని ఒక చంకలో ఇరికించుకుని, నడుము కాస్త వంచి, రెండో అరచేతిని ఎదురొచ్చినవాడి గుండె మీద మోపి నెట్టేవారు. నడుము దగ్గర పట్టు దొరికిందనుకున్న వాడు రెండడుగులు ఈడ్చుకుపోయాక చేతులు వదిలేయాల్సి వచ్చేది.

అలాంటి ఆటగాడు 1993 చివర్లో ఆల్ బ్లాక్స్ చొక్కా వదిలి విగన్‌తో ఒప్పందం చేసుకున్నారు. అప్పటి నియమం ప్రకారం అది తిరిగిరాని ప్రయాణం. ఆ నియమం మూలం 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉంది. ఇంగ్లండ్ ఉత్తరాది జట్లలో గని కార్మికులు, మిల్లు కార్మికులు ఆడేవారు. శనివారం మ్యాచ్‌కు వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలిని జట్టు చెల్లించాలని వారు అడిగారు. లండన్‌లోని పెద్దలు ఆట ఆటకోసమేనంటూ ఒప్పుకోలేదు. కూలి అక్కర్లేని వారికి ఆ సూత్రం పాటించడం కష్టమేమీ కాదు. ఉత్తరాది జట్లు విడిపోయి సొంత సంఘం పెట్టుకున్నాయి, అందులో విగన్ కూడా ఉంది. రోజుకు ఆరు షిల్లింగులు మించకుండా చెల్లించాలని నిర్ణయించుకున్నాయి. క్రమంగా ఆట రూపం కూడా మారింది. 1906లో జట్టుకు 15 మంది బదులు 13 మందిని ఖాయం చేశారు. అదే రగ్బీ లీగ్. లీగ్ వైపు అడుగు వేసినవాడిని యూనియన్ జీవితాంతం వెలివేసేది. డబ్బు ముట్టకుండా లీగ్ ఆడినవారికి కూడా చాలాకాలం అదే శిక్ష పడింది. న్యూజిలాండ్ నుంచి 1907లో తొలి లీగ్ జట్టును ఇంగ్లండ్‌కు తీసుకెళ్లిన ఆల్బర్ట్ బాస్కర్‌విల్ మొదలు తుయింగమాలా వరకు, ఆ గడప దాటిన ప్రతివాడికీ వెనక తలుపు మూసుకుపోయింది. ఆరు షిల్లింగుల పేచీ అంతకాలం మనుషుల్ని విడదీయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

విగన్‌లో ఆయన ఎక్కువగా సెంటర్ స్థానంలో, అంటే వింగర్‌కు లోపలి పక్కన ఆడారు, అవసరమైనప్పుడు వింగ్‌లో దిగారు. యూనియన్‌లో వింగర్‌కు బంతి రాకుండానే చాలాసేపు గడిచిపోవచ్చు. లీగ్‌లో ఆ తీరిక ఉండదు. ట్యాకిల్ అయినవాడు, అంటే ఎదుటివారు పట్టి ఆపినవాడు, లేచి, బంతిని నేల మీద పెట్టి, కాలితో వెనక్కి దొర్లిస్తాడు. ఎదుటి జట్టు పది మీటర్లు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు ఉరుకుతుంది. ఇలా ఆరు ట్యాకిళ్లు పూర్తయితే బంతి చేతులు మారుతుంది. భారీ శరీరంతో ఆ లయను అందుకోవడానికి ఊపిరి కొత్తగా సాధన చేయాలి. ఆయన చేశారు. 1994 జూన్‌లో విగన్ బ్రిస్బేన్ వెళ్లి, అక్కడి బ్రాంకోస్‌ను వారి సొంత మైదానంలోనే 20–14తో ఓడించి ప్రపంచ క్లబ్ విజేత అయింది. 1994–95 సీజన్లో లీగ్ ఛాంపియన్‌షిప్, ఛాలెంజ్ కప్, రీగల్ ట్రోఫీ, ప్రీమియర్‌షిప్ నాలుగూ విగన్‌వే. వెంబ్లీలో లీడ్స్‌ను 30–10తో ఓడించిన ఆ ఏటి ఛాలెంజ్ కప్ ఫైనల్లో ఆయన ఒక ట్రై చేశారు, అంటే బంతిని ఎదుటి జట్టు గీత అవతల నేలకు ఆనించి పాయింట్లు తెచ్చారు. అదే ఏడాది లీగ్ ప్రపంచ కప్‌లో తొలిసారి బరిలో దిగిన పశ్చిమ సమోవాకు (సమోవాకు అప్పటి పేరు) ఆడారు. ఆ జట్టు ఫ్రాన్స్‌ను 56–10తో చిత్తు చేసి, వేల్స్ చేతిలో 22–10తో ఓడి వెనుదిరిగింది. అదే సమోవా 2022లో ప్రపంచ కప్ ఫైనల్ చేరి ఆస్ట్రేలియాతో తలపడింది. ఆ రోజు ఆయన లేరు.

ఈలోగా మొదటి గోడ కూలింది. దాన్ని కూల్చింది న్యాయబుద్ధి కాదు, టెలివిజన్ డబ్బు. 1995లో రూపర్ట్ మర్డాక్ సంస్థ ఇంగ్లండ్‌లో సూపర్ లీగ్ ఏర్పాటుకు 8.7 కోట్ల పౌండ్లు ఇవ్వజూపింది. దక్షిణార్ధగోళపు యూనియన్ జట్లతో పదేళ్లకు 55.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. అంత సొమ్ము మధ్య ఆటగాళ్లను ఉచితంగా ఆడమనడం సాగదని తెలిసి, యూనియన్ పెద్దలు ఆ ఆగస్టు చివర పారిస్‌లో సమావేశమై, ఇకపై పారితోషికం తీసుకోవచ్చని ప్రకటించారు. జార్జ్ హోటల్ సమావేశానికి సరిగ్గా వందేళ్లు నిండుతున్న రోజులవి.

1996 మే నెల దాని ఫలితం చూపింది. యూనియన్ విజేత బాత్, విగన్‌తో రెండు మ్యాచ్‌లు ఆడింది. లీగ్ నియమాలతో మాంచెస్టర్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో విగన్ 82–6తో గెలిచింది. మూడు రోజులకే యూనియన్ వారి సొంతగడ్డ ట్వికెన్‌హామ్‌లో జరిగిన, జట్టుకు ఏడుగురేసి ఆడే మిడిల్‌సెక్స్ సెవెన్స్ పోటీకి అతిథిగా వెళ్లి, ఫైనల్లో వాస్ప్స్‌ను 38–15తో ఓడించి ఆ కప్పు కూడా ఎత్తుకుపోయింది. నూరేళ్లు తమను గడప తొక్కనివ్వని మైదానంలో ఉత్తరాది జట్టు విజయయాత్ర చేసింది. యూనియన్ నియమాలతో ఆడిన రెండో మ్యాచ్‌లో బాత్ 44–19తో బదులు తీర్చుకుంది. లీగ్‌లో స్క్రమ్ అంటే నామమాత్రం. యూనియన్‌లో ఎనిమిది మంది భుజాలు కలిపి నెట్టే బలపరీక్ష. ఆ నెట్టుడు విగన్ ముందువరుసకు అలవాటు లేదు. రెండు ఆటలూ ఎంత దూరం జరిగిపోయాయో ఆ స్క్రమ్‌లు చెప్పాయి. ఆ దూరాన్ని రెండు వైపుల నుంచీ నడిచి ఎరిగిన కొద్దిమందిలో తుయింగమాలా ఒకరు.

లీగ్ సీజన్ వేసవికి మారడంతో ఆ చలికాలం ఆయన వాస్ప్స్‌కు యూనియన్ ఆడారు. 1997 ఆరంభంలో న్యూకాజిల్ ఫాల్కన్స్‌కు మారారు. ఆ బదిలీ విలువ పది లక్షల పౌండ్లని, యూనియన్‌లో అది రికార్డని అప్పటి పత్రికలు రాశాయి. మూడేళ్ల ముందు వెలివేసిన ఆటే అంత ధర కట్టి వెనక్కి పిలిచింది. 1997–98లో న్యూకాజిల్ ఇంగ్లండ్ విజేతగా నిలిచింది.

దేశం విషయంలో అప్పటికి పట్టింపులు తక్కువ. 1991 ప్రపంచ కప్‌లో వేల్స్‌ను ఓడించిన సమోవా జట్టులోని ఫ్రాంక్ బన్స్ మరుసటి ఏడాదే ఆల్ బ్లాక్స్‌కు ఆడారు. తుయింగమాలా ఆ దారిలో ఎదురు నడిచారు. ఆల్ బ్లాక్స్‌గా ఆడిన మనిషి సమోవాకు యూనియన్ ఆడి, 1999 అక్టోబరు 14న కార్డిఫ్‌లో వేల్స్‌ను 38–31తో ఓడించిన జట్టులో నిలిచారు. కొద్ది నెలలకే, 2000లో, ఒక దేశానికి ఆడినవాడు మరో దేశానికి ఆడరాదన్న నియమం వచ్చింది. పెద్ద దేశాలు పిలిచి, రెండు మూడు టెస్టులు ఆడించి వదిలేసిన ఎందరో పసిఫిక్ కుర్రాళ్లకు సొంత దీవుల జట్ల తలుపు శాశ్వతంగా మూసుకుపోయింది. సమోవా, టోంగా, ఫిజీ ఆటగాళ్లు దీనిమీద ఇరవై ఏళ్లకు పైగా మొర పెట్టుకున్నారు.

ఆట మానేశాక ఆయన ఆక్లండ్‌లో అంత్యక్రియలు జరిపించే సంస్థ నడిపారు. 2021 నవంబరులో యూనియన్ ఆటను నడిపే వరల్డ్ రగ్బీ, దేశం మారరాదన్న ఆ నియమాన్ని సడలించింది. మూడేళ్లు అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉంటే, తాను గాని, తల్లిదండ్రుల్లో ఒకరు గాని, తాతలు, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరు గాని పుట్టిన దేశానికి మారవచ్చని చెప్పింది. అది 2022 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఎనిమిది వారాలు తిరగకముందే తుయింగమాలా వెళ్లిపోయారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో, ఒకప్పటి ఆల్ బ్లాక్ లీమా సోపోఆంగా నీలం చొక్కా తొడిగి సమోవా తరఫున మైదానంలోకి నడిచారు.